బటన్ మీద ఈరన్న మాట

నా పదవీ విరమణకు ముందు ఏడాది, ఉగాది వెళ్లిన వారంలో, కర్నూలులోని మా చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నన్ను టీం లీడ్ హోదాలో ఆదోని ఆఫీసుకు పంపింది. దగ్గర్లోని ఎమ్మిగనూరులో ఒక చేనేత సంఘం తమ చీరలను ఇంటర్నెట్లో అమ్మాలనుకుంది. పూర్తి వెబ్‌సైటు కట్టకముందే అది ఎలా ఉండబోతోందో చూపే నమూనా తయారుచేయడం మా పని. మా వృత్తిలో దాన్ని ప్రోటోటైప్ అంటారు. నా కింద ఇద్దరు. ఆదోని అమ్మాయి షబానా పేజీల రూపం, వాటి మీది మాటలు చూసేది. కౌతాళం నుంచి వచ్చిన తిక్కస్వామి వెనకాల నడిచే కోడ్ రాసేవాడు.

మొదటిసారి చూపించిన రోజు సంఘం అధ్యక్షుడు ఈరన్న తెర మీదికి వంగి చదివాడు. చీర బొమ్మ కింద, యాడ్ టు కార్ట్ అన్నదాన్ని తెలుగు చేసి, బటన్ మీద "బండిలో వేయండి" అని ఉంది.

"సీరను బండిలో ఏసేదేందప్పా, అదేమన్నా పత్తి మూటా?" అన్నాడు. అందరం నవ్వాం. ఆ మాట మార్చమన్నాడు.

షబానా మార్చింది. తెర తెల్లగా అయిపోయింది. చీర వివరాలు తెచ్చే కోడూ, పేజీ మీద కనపడే మాటలూ తిక్కస్వామి ఒకే ఫైల్లో కలిపి రాశాడు. మాటతోపాటు పక్కనున్న ఒక గుర్తు చెరిగిపోయేసరికి మొత్తం ఆగిపోయింది. ఈరన్న కోపపడలేదు. "వచ్చే మీటింగుకు మావాళ్లంతా వస్తారు సార్. ఆ పొద్దు గూడా ఇట్లే అయితే మాకీ యవ్వారం వద్దు. అంగళ్లకు ఏసుకుంటాండాం, అదే సాలు" అన్నాడు.

తిరిగొచ్చే బస్సులో షబానా ఆ ఫైలు ఇక ముట్టుకోనని చెప్పేసింది.

మర్నాడు ఆ ఫైలును రెండుగా విడదీద్దామన్నాను. "నడుస్తాండేదాన్ని ఎందుకు ఇప్పేది సార్?" అని తిక్కస్వామి అడ్డం చెప్పాడు. మాట మార్చిన ప్రతిసారీ ఆగిపోయేదాన్ని నడుస్తోంది అనకూడదని నేనన్నాను. పేజీలన్నీ ఒక ఫోల్డర్లో పెట్టాం. వాటిలో చీర పేరు, రంగు, ధర రావలసిన చోట ఖాళీలు మాత్రం ఉంటాయి. పేర్లు రాయని శుభలేఖ లాంటి ఆ పేజీనే టెంప్లేట్ అంటారు. కోడ్ ఇంకో ఫోల్డర్లో ఉంటుంది. వివరాలు తెచ్చి ఖాళీలకు అందించడమే దాని పని. ఖాళీల పేర్లు ఇద్దరూ కూర్చుని ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఒకరి ఫోల్డర్లో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదని నియమం పెట్టాను.

మీటింగు రోజు హాలు నిండిపోయింది. ఉగ్గాని, బజ్జీలు పంచుతున్నారు. మేము ముగ్గురం మాత్రం ఒక్క బజ్జీ కూడా ముట్టలేదు.

మొదట నాగమ్మ అనే నేత మనిషి లేచింది. "పల్లూ ఏంది? కొంగు అను" అంది. షబానా మార్చింది. పేజీ చెక్కుచెదరలేదు. "మెరూన్ అంటే ఎవురికి తెలుస్తాది? కుంకుమ రంగు అను" అంది. రంగు పేరు కోడ్ అందించే వివరాల్లోది. అది తిక్కస్వామి మార్చాడు. ఇద్దరూ ఒకేసారి టైపు చేస్తున్నారు, ఒకరినొకరు అడగడం లేదు, ఏదీ ఆగడం లేదు.

ఇక హాలును పట్టడం ఎవరి తరమూ కాలేదు. ఉల్లిపొర రంగంటాడొకాయన, నెమలిమెడ రంగంటుంది ఇంకొకామె. ఒకే చీర వంకాయ రంగా, నేరేడుపండు రంగా అని అన్నదమ్ములిద్దరు వాదులాడుకుంటే చేతులెత్తించి తేల్చాం. నేరేడుపండు గెలిచింది. ఏటి అవతలి వాళ్లకు కన్నడ పేజీ కావాలన్నారు. కన్నడం వచ్చిన తిక్కస్వామి మాటలన్నీ ఫోన్లో కొట్టి పంపితే, షబానా పేజీకి నకలు తీసి వాటిని పెట్టింది. కోడ్‌లో ఒక్క లైనూ మారలేదు. తెర మీద కన్నడం కనపడగానే వెనక వరసలో ఈలలు మోగాయి.

చివరికి ఈరన్న ముందుకొచ్చాడు. "ఈ బటన్ మీద నేను సెప్పింది రాయమ్మా. 'నచ్చితే పట్టుకోపో, నచ్చకుంటే ఇంకోటి సూడు' అని. రాస్తే పేజీ చెడిపోతాదా?"

"చెడిపోదన్నా" అంది షబానా, చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతూనే రాసింది. పేజీ వచ్చింది. హాలంతా ఆ మాటను ఒకే గొంతుతో చదివింది. ఈరన్న ఆ నవ్వుల్లోనే, పూర్తి వెబ్‌సైటు పని మొదలుపెట్టమని నాతో చెప్పాడు.

బస్సులో ముగ్గురం ఆ బటన్ మాటే ఒకరికొకరం చెప్పుకుంటూ నవ్వుతుంటే, ఏమైంది సార్ అని కండక్టర్ అడిగాడు. చెబితే ఆయనా నవ్వాడు.

తర్వాత చేసిన ప్రతి పనిలోనూ నమూనా దశలోనే పేజీలనూ కోడ్‌నూ విడదీయించాను. నమూనా చూపించేది వాడేవాళ్ల చేత మార్పించడానికి. మార్చడానికి మనమే భయపడే చోట మాటలు పెడితే, వాళ్ల మాట అందులోకి ఎప్పటికీ రాదు.