డ్రమ్మర్ కావలెను, షరతులు మాస్టరువే

మా బ్యాండు మాస్టరు పోయిన్రు. మొన్న సోమవారం పొద్దున షాపు షట్టరు లేపుతున్న, ట్రంపెట్ ఊదే తమ్ముడు ఫోన్ చేసిండు. "అక్కా, మాస్టరు లేరు. నమాజు చదివొచ్చి ఛాయ్ తాగుకుంట కుర్చీల్నే ఒరిగిన్రు. దవాఖానకు పోయేలోపే అయిపోయింది" అన్నడు. షట్టరు సగంల పట్టుకొని గట్లనే నిలబడ్డ. పక్క షాపాయన వచ్చి పైకి లేపిండు.

మా బ్యాండు మాస్టరు అంటున్న గని, నేను బ్యాండుల మనిషిని కాదు. గోదావరిఖని చౌరస్తా వెనుక గల్లిల నాకు డీటీపీ షాపు ఉన్నది. పెండ్లి పత్రికలు, అర్జీలు, బయోడేటాలు కొడ్త. వారం వారం వచ్చే ప్రకటనల పేపరు కూడ నేనే కంపోజు చేస్త. ఇల్లు కిరాయికి, బండి అమ్మకానికి, ట్యూషన్లు చెప్పబడును, గిట్లాంటియి. దగ్గర దగ్గర మూడేండ్లు ఆ పేపర్ల మాస్టరు ప్రకటన ఒకటి వస్తనే ఉండె. డ్రమ్మర్ కావలెను అని.

ప్రతి గురువారం సెంటినరీ కాలనీ కెల్లి బస్సెక్కి వచ్చేటోళ్లు. బొగ్గు కంపెనీ వర్క్‌షాపుల ఫిట్టరు చేసి రిటైరయిన్రు. బ్యాండు వాళ్ల నాయిన పెట్టింది. ఇంట్ల దక్ఖనీ ఉర్దూ మాట్లాడినా మాతోని మాట్లాడే తెలుగు నాకంటె సాఫుగ ఉండేది. చింపిన క్యాలెండరు కాగితం వెనుక ప్రకటన రాసుకొచ్చి, చేతికియ్యకుండ, నిలబడి బడిపిల్లల తీరు గట్టిగ చదివేటోళ్లు. చదివినంక ఛాయ్. సగం తాగి, సగం సాసర్ల పోసి పక్కన ఎవలుంటే వాళ్లకు జరిపేటోళ్లు. వద్దంటే ఊకోరు.

మా దిక్కు బ్యాండుకు పెండ్లిళ్లు ఒక ఎత్తు, నెలాఖరు ఒక ఎత్తు. బొగ్గుబాయిల పనిచేసెటోళ్లు నెల ఆఖరి రోజు రిటైరయితరు. దండలేసి, గులాల్ చల్లి, బ్యాండు పెట్టి మనిషిని ఇంటిదాంక తోలుకొస్తరు. "పెండ్లి ముహూర్తం ముందుకెనుకకు జరుగుతది గని, చెల్లె, నెలాఖరు జరగదు" అనేటోళ్లు మాస్టరు. అందుకే మొదటి షరతు, నెలాఖరున తప్పక రావలెను. అది సమజయింది. ఆ తర్వాతయే నాకు సమజు కాలే.

పాన్ నమలరాదు. సైకిల్ తొక్కుట తెలిసి ఉండవలెను.

"సైకిలెందుకన్నా?" అంటే, "సైకిల్ తొక్కెటోనికి కాళ్లు ఒక్క లెక్కల పడ్తయ్" అన్నరు. ఆ వారం రామకృష్ణాపూర్ కెల్లి ఒకాయన సైకిల్ మీదనే వచ్చిండట, పాన్ తినడట. మర్సటి గురువారం ప్రకటనల ఇంకో ముక్క చేరింది. రామకృష్ణాపూర్ వారు రానవసరం లేదు. ఎందుకంటే నీళ్లు మారితే చెయ్యి మారుతదట. ఇంకోసారి, మీసము ఉండవలెను గాని మెలితిప్పరాదు. ఇంకోసారి, బామ్మర్దులు ఇద్దరికి మించి ఉండరాదు. బామ్మర్దులు ఎక్కువున్నోడు సీజన్ మొత్తం చుట్టాల పెండ్లిళ్లకే పోతడని మాస్టరు లెక్క.

మా ఇంటాయన ఇవన్ని అన్నం తినుకుంట పైకి చదివి నవ్వేటోడు. నాకు మాత్రం ఒళ్లు మండేది. నేను రాతల మనిషిని, పొడుగు వాక్యం చూస్తే కత్తెర పట్టబుద్ధయితది. ఒకనాడు అడిగేసిన. "మాస్టరన్నా, మీకు డ్రమ్మర్ కావాల్నా, అల్లుడు కావాల్నా?"

"అల్లునికైతే గిన్ని షరతులు పెట్టను చెల్లె. బిడ్డ ఊకోదు" అన్నరు.

నవ్విన గని, బ్యాండుకు డ్రమ్మర్ ఉన్నడు గదా అన్న సోయి నాకప్పుడు లేదు. ఉన్నడు. కాక అంటరు అందరు. బాయిల బొగ్గు నింపిన మనిషి, మాస్టరు నాయిన కాలం కెల్లి డ్రమ్ము కొడ్తుండు. పెండ్లాం పోయింది, పిల్లలు లేరు, బ్యాండు సామాను పెట్టే రూము పక్కనే ఉంటడు. మేళం లేని రోజు కూడ యూనిఫాం ఇస్త్రీ చేయించుకుంటడు. ఎడమ చెయ్యి వణుకుడు మొదలయిందని విన్న. విన్న, గంతే. దానికీ దీనికీ ముడి పెట్టలే.

ఇగ నేను చేసిన పని చెప్పాలె.

మాఘమాసం. పేజీ నిండిపోయింది. ఏ ప్రకటనయినా రెండు లైన్లు దాటద్దని పేపరు ఓనరు హుకుం. మాస్టరు గోలేటిల పెండ్లి మేళంల ఉన్నరు, ఫోన్ ఎత్తలే. ఎత్తేదాంక ఆగచ్చు, ఆగలే. నా కత్తెర మీద నాకు మస్తు గర్వం. సైకిల్ తీసేసిన, మీసం తీసేసిన, బామ్మర్దులను తీసేసిన. బ్యాండుకు డ్రమ్మర్ కావలెను, అనుభవం ఉన్నవారు ఆదివారం ఉదయం రావచ్చును. మాస్టరుకు మేలు చేసిన అనుకొని ఇంటికి పోయిన.

ఆదివారం పదకొండు మంది వచ్చిన్రట. అందుల గోలేటి మెకానిక్ ఒకతను, ముప్పై ఏండ్లుంటయేమో, డ్రమ్ము మెడలేసుకొని మొదలు పెట్టంగనే ట్రంపెటు, క్లారినెటు ఎవలు చెప్పకముందే అందుకున్నయట. ట్రంపెట్ తమ్ముడే చెప్పిండు నాకు. కాక అరుగు మీద కూసోని మొత్తం విన్నడట. అయినంక లేచి, తన జేబులున్న డ్రమ్ము పుల్లలు తీసి అతని చేతుల పెట్టి, "మంచిగ కొడ్తున్నవ్ బిడ్డా" అని రూములకు పోయిండట. మల్ల తలుపు తియ్యలే. మధ్యాహ్నం పిలిచినా అన్నానికి రాలే.

తెల్లారి మాస్టరు వచ్చిన్రు. గురువారం కాదు, సోమవారం. "నా ప్రకటన ఎవలు కోసిన్రు చెల్లె?"

"నేనే అన్నా."

తిడ్తరనుకున్న. కుర్చీ జరుపుకొని కూసున్నరు. మెల్లగ చెప్పిన్రు. మూడేండ్ల కింద బ్యాండోళ్లంత ఒక్కటై, కాక చెయ్యి పోయింది, కొత్తోన్ని పెట్టకుంటే వేరే మేళానికి పోతమన్నరట. సరే, ప్రకటన ఇస్తనన్నరట మాస్టరు. "వాళ్లకు వారం వారం పేపర్ల కనవడాలె. కాక జాగకు మాత్రం ఎవలు రావద్దు. గంతే చెల్లె. బ్యాండు కెల్లి పంపితే కాక ఎక్కడికి పోతడు?"

నాకు తల కొట్టేసినట్టయింది. మూడేండ్లు ఆ మనిషి అడ్డం పెట్టిన గోడను నేను ఒక్క పూటల కూలగొట్టిన. కండ్లల్ల నీళ్లొచ్చినయ్. తప్పయిందన్నా, మాఫ్ చెయ్యున్రి అన్న.

"నువ్వు మంచిగనే రాసినవ్. మంచిగ రాస్తే మనుషులు వస్తరు, నీ తప్పేంది" అన్నరు. మల్ల, "పిలగాడు కొట్టుడు నిజంగ బాగుంది, అబద్ధమెందుకు? బ్యాండోళ్లు వాన్ని పొమ్మననియ్యరు. కాకను ఊకె ఉండుమంటే ఉండడు, దయ జూపుతున్నరనుకుంటడు" అన్నరు. ఒక కాగితం ఇయ్యుమన్నరు. శాన సేపు రాసిన్రు. రాసి, ఎప్పటి లెక్కనే నిలబడి చదివిన్రు.

"బ్యాండు ముందర నడుచుటకు మనిషి కావలెను. బాయి లోపల పని చేసినవారై ఉండవలెను. ఏ లైనులో ఏ క్వార్టరువారు నైట్ షిఫ్టు చేసి పండుకున్నారో తెలిసి ఉండవలెను. వారి ఇంటి ముందర చెయ్యి లేపి బ్యాండును ఆపవలెను. డ్రమ్ము వచ్చి ఉండవలెను, అయినను కొట్టకుండ ఉండగలగవలెను. చదువు రాకున్నను సరే. చెయ్యి కొంచెము వణికినను పరవాలేదు."

కాలనీ క్వార్టర్ల లైన్లల్ల ఉండెటోళ్లకు ఇది చెప్పనక్కర లేదు. రాత్రంత బాయిల చేసొచ్చిన మనిషి పగలే పండుకోవాలె, మల్ల రాత్రికి దిగాలె. వాని కిటికీ కింద బ్యాండు మోగితే తిట్లు, ఒక్కోసారి చెంబెడు నీళ్లు. "కొట్టుడు చేతితోని అయితది, ఆపుడు చెవితోని అయితది" అని మాస్టరు ఎప్పుడు అనేటోళ్లు. ఆ చెవి కాకకుండె.

ఈసారి ఒక్క అక్షరం ముట్టలే. జాగ చాలకుంటే నా షాపు ప్రకటన తీసేసి అండ్ల పెట్టిన. ఓనరు గునిసిండు. గునవనియ్ అనుకున్న.

కాకకు చదువు రాదు. ట్రంపెట్ తమ్ముడు ఛాయ్ హోటల్ కాడ చదివి వినిపించిండు. "గిన్ని షరతులు ఎవనికి సరిపోతయ్‌ర? మాస్టరుకు గిట్ల తల తిరిగిందా ఏంది" అన్నడట కాక. మూడో రోజు ఇస్త్రీ యూనిఫాం తొడుక్కొని మాస్టరింటికి పోయిండట.

"ఎవలన్న వచ్చిన్రా?"

"ఎవలు రాలే కాక."

"అయితె మనిషి దొరికేదాంక నేను చూసుకుంట తియ్."

మనిషి దొరకలే. ఆ నెలాఖరు కెల్లి కాకనే ముందు. చెయ్యి లేస్తే బ్యాండు బందు, ఉత్త చెప్పుల చప్పుడు. క్వార్టరు దాటినంక చెయ్యి దిగుతది, గోలేటి పిలగాడు అందుకుంటడు. మొదట్ల నవ్విన్రు జనం. తర్వాత తర్వాత, కాక ముందున్న బ్యాండే కావాలన్నరు. మాస్టరు మల్ల నా దగ్గర డ్రమ్మర్ ప్రకటన ఇయ్యలే. గురువారాలు మాత్రం ఊకెనే వచ్చేటోళ్లు, ఛాయ్ కోసం. నేను చేసిన తప్పును ఒక్కనాడు ఎత్తలే. ఆ ప్రకటన తన కోసమే రాసిందని కాకకు తెలుసో లేదో నాకు తెల్వది. తెలిసే ఉంటదనిపిస్తది.

సోమవారం మధ్యాహ్నం నమాజు అయినంక మాస్టరు జనాజా లేపిన్రు. జనాజాకు బ్యాండు ఉండదు. బ్యాండోళ్లంత మామూలు బట్టలల్ల వచ్చిన్రు, భుజం మార్చి భుజం పట్టిన్రు. నేను మా ఇంటాయనతోని కాలనీ రోడ్డు మూల మీద నిలబడ్డ. కాక మాత్రం అందరికంటె పది అడుగుల ముందు నడుస్తుండు.

మొదటి లైన్ల ఒక క్వార్టరు రాంగనే కాక చెయ్యి లేపిండు. ఆపెటందుకు డ్రమ్ము లేదు, ట్రంపెటు లేదు. కలిమా చదువుకుంట వచ్చెటోళ్లు గొంతులు తగ్గించిన్రు. ఆ క్వార్టరు తలుపు తెరిచే ఉన్నది. రాత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషి లుంగీ మీద, ఎర్ర కండ్లతోని గడపల నిలబడ్డడు, పండుకోలే. దాని పక్కది కూడ తెరిచే ఉన్నది. ఎదురుగ ఉన్నది కూడ. ఒక్కరు పండుకోలే. కాక అటు చూసిండు, ఇటు చూసిండు. చెయ్యి దించుదామా వద్దా తెలుస్తలేదు ఆయనకు. లేపిన చెయ్యి లేపినట్టే, వణుక్కుంట, లైను చివరిదాంక పోయిండు.