కొట్టేటప్పటి ముఖం

“మీ నాయనను చంపాలని ఉండాదా?”

హిందూపురంలో కౌన్సెలింగ్ చేసే స్పందన మొదటిరోజే అడిగిన మాటిది. పదహారేళ్ల ఝాన్సీ ఫ్యాను వైపు చూసి, “రెండో చెయ్యి కూడా ఇరిగితే చాలు” అంది.

మొదటి చేతి వేళ్లు విరిచింది ఆమే. ధర్మవరంలో తండ్రి సంజీవప్పది గుంటమగ్గం. అంచును వేరే పోగుతో నేసి కలిపే కుట్టు అంచు చీరకు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఆయన చీర నేస్తుంటే కూతురు అంచు పోగును అటూ ఇటూ మోసే నాడె విసరాలి. నాడె తడబడితే ఆయన తల తిప్పకుండానే మెటికలతో ఆమె చెవి మీద గుద్దేవాడు. ఒకరోజు చెవిలోంచి రక్తం చీర మీద పడింది. చీర పాడైందని మళ్లీ గుద్దాడు. ఝాన్సీ నేసిన పోగును గుద్దే మగ్గం బరువుపలకను ఆయన ఎడమచేతి మీదికి లాగింది. రెండు వేళ్లు విరిగాయి.

ఆమెను పెనుకొండలో అమ్మమ్మ చౌడక్క దగ్గరికి తరిమారు. సంజీవప్ప వేళ్లకు కట్టు కట్టిన డాక్టరు పిల్లకు కౌన్సెలింగ్ చేయించమన్నాడని అవ్వే వారంవారం రైల్లో హిందూపురం తీసుకెళ్లేది.

“కన్నోడు కొట్టక ఇంకెవురు కొడతారు మే?”

“మాయమ్మనూ ఆయప్పే కనినాడా అవ్వా? ఆమెనూ కొడతాండాడే.”

అవ్వ రైలు టిక్కెట్లు కొంగున ముడేసుకుంది.

“కొట్టేటప్పుడు మీ నాయన ముఖం ఎట్లుంటాది?” అని స్పందన అడిగింది. ఝాన్సీకి తెలియదు. పక్కన కూర్చున్నవాడి ముఖం ఎప్పుడు చూసింది? తండ్రి బొమ్మ గీయమంటే పిడికిలి గీసింది. నెలల తర్వాత దానికి భుజం వచ్చింది. ముఖం రాలేదు.

వేసవి సెలవుల్లో ధర్మవరానికి మళ్లీ మగ్గం పనికి పిలిచారు. ఝాన్సీ తొడ కింద ఇనుపకడ్డీ పెట్టుకుని కూర్చుంది. నాడె తడబడింది. గుద్దు పడింది.

“ఇట్ల తిరిగి కొట్టు నాయనా.”

తిరిగాడు. పిడికిలి ఎత్తే ఉంది. కళ్లు మాత్రం మూతపడుతున్నాయి, తానే దెబ్బ తినబోతున్నట్టు. ఆమె కడ్డీ ఎత్తి మగ్గం మీద నిలువుగా బిగించిన పడుగు మీద కొట్టింది. పట్టుపోగులు పటపటా తెగాయి.

“చీరను సంపితివి గదే” అన్నాడు సంజీవప్ప.

“నిన్ను సంపల్యా. అది చూసుకో.”

క్షమించిందా? లేదు. రక్తం కారిన ఆ చెవికి ఇప్పటికీ వినబడదు. స్పందనకు చెప్పింది: “ముందు ఆయప్ప ఇల్లంత ఉండె మేడం. ఇప్పుడు మనిషంతే ఉండాడు. మనిషినైతే ఇడిసిపెట్టి పోవచ్చు.”

పెనుకొండలోనే ఉండి ఇంటర్ చదువుతోంది. తెగిన చీర తాలూకు తొమ్మిది వేలు సంజీవప్ప పట్టు ఇచ్చిన షావుకారుకు ఇంకా బాకీ.