బూందీ కడుపులో ఏముందో

నిన్న మధ్యాహ్నం ధర్మవరంలో మా ఇంటి వెనక సందులో ఏదో పిల్లి వాంతి చేసుకుంది. వాంతికి ముందు పిల్లులు పొట్ట లోపలికి లాక్కుంటూ గొంతులో ఏదో తోడుతున్నట్టు ఒక శబ్దం చేస్తాయి. అది చెవిన పడగానే చేతిలో పని వదిలేసి లేచి నిలబడ్డాను. ఆ పిల్లి నాది కాదు. నా పిల్లి బూందీ పోయి ఏళ్లయింది. అయినా ఆ చప్పుడు వింటే ఇప్పటికీ కూర్చోలేను. వెంటనే రజియా టీచరమ్మ గుర్తుకొస్తుంది.

పెళ్లికి ముందు పెనుకొండలో ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను ఆమె ఇంట్లో, మేడ మీద గదిలో అద్దెకుండేదాన్ని. ఆమె బడిలో సైన్సు చెప్పి రిటైరైంది. భర్త పోయాక ఒక్కతే ఉండేది. బూందీని తెచ్చింది నేనే అయినా పెంచింది ఇద్దరం. నేను ఆఫీసుకు బయలుదేరగానే వాడు మెట్లు దిగి వెళ్లి ఆమె కుట్టుమిషను కింద పడుకునేవాడు. వయసు మీదపడ్డాక వాడికి వాంతులు పట్టుకున్నాయి. మందు వేస్తే తగ్గేవి, మానేస్తే మళ్లీ వచ్చేవి. తిండి మార్చి చూశాం, ఫలితం లేదు. ఎత్తుకుంటే వెన్నెముక చేతికి తగిలేది. ఆఫీసులో కూర్చున్నా, ఇంటికి వెళ్లేసరికి ఏ మూలన ఏం కనిపిస్తుందోనన్న బెంగే.

చివరికి హిందూపురంలో ఒక పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాం. బస్సులో బుట్టలో ఉన్నంతసేపూ వాడు నోరు తెరిచి రొప్పుతూనే ఉన్నాడు. డాక్టరు రక్తపరీక్ష చేయాలనగానే నేను వద్దన్నాను, ఇంత బెదిరిపోయినవాణ్ని పట్టుకుని సూది గుచ్చడమా అని. టీచరమ్మ బుట్టను నా ఒళ్లోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది.

"సూది నొప్పి ఒక్క నిమిషం పాపా. ఏం జబ్బో తెలీకుండా దినామూ మందులు మింగిస్తాండాం కదా, దాని సంగతేంది?"

వాణ్ని తువ్వాలులో చుట్టి ఆమే పట్టుకుంది. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. మూత్రపిండాలు కొంత బలహీనపడ్డాయని ఆ పరీక్షలోనే తేలింది. అంతవరకు వేస్తున్న మాత్రల్లో ఒకటి వాటికి మంచిది కాదని డాక్టరు వెంటనే ఆపించారు. నేననుకున్నట్టే వదిలేసి ఉంటే ఆ మాత్ర ఇంకా వేస్తూనే ఉండేదాన్ని.

తర్వాత పొట్టకు స్కానింగు చేశారు. పేగు గోడ మందంగా ఉందన్నారు. అది వాపు కావచ్చు, నెమ్మదిగా పెరిగే క్యాన్సరూ కావచ్చు. స్కానింగులో ఆ తేడా తెలియదు. తెలియాలంటే బెంగళూరు తీసుకెళ్లి, మత్తిచ్చి, పొట్ట కోసి పేగు ముక్క తీయాలి. ఈ వయసులో, ఆ మూత్రపిండాలతో మత్తు తట్టుకుంటాడన్న హామీ లేదు. పరీక్ష వద్దనుకుంటే స్టెరాయిడు మొదలుపెట్టి చూడొచ్చు. కానీ ఒకసారి మొదలుపెట్టాక ఎప్పుడైనా ముక్క తీసినా జబ్బు సరిగ్గా బయటపడకపోవచ్చు. అందుకే ఇప్పుడే తేల్చుకోమన్నారు.

ఆ వారమంతా కనిపించిన వాళ్లనల్లా అడిగాను. కొందరు పిల్లికి ఇంత అవసరమా అన్నారు, కొందరు ప్రాణం ఏదైనా ప్రాణమే కదా అన్నారు. ఫోనులో చదివిన కొద్దీ భయం పెరిగింది. బెంగళూరు వెళ్దామని పొద్దున అనుకుంటే సాయంత్రానికి మనసు మారేది. టీచరమ్మ ఏ సలహా ఇవ్వలేదు. మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం ఒక్క మాట అడిగింది.

"ముక్క తీసి చూసినాక మీరిచ్చే మందు మారుతుందా సార్?"

వాపైతే స్టెరాయిడే, క్యాన్సరైతే దానికి తోడు ఇంకో మాత్ర, ఆ మాత్ర వీడి ఒంటికి పడుతుందో లేదో అనుమానమే అని ఆయన ఒప్పుకున్నారు. ఆమె నావైపు తిరిగింది.

"మా ఆయనకు చేయని పరీక్ష లేదు పాపా. ఆఖరి దినాలన్నీ ఆస్పత్రి వరండాల్లోనే పోయినాయి. జబ్బు పేరు తెల్సింది, ఆయప్ప ఇంటికి రాల్యా. నీకు పేరు కావాల్నో, వాడు తిని పండుకునేది కావాల్నో చూసుకో. నువ్వు ఏదనుకున్నా నేనొస్తా."

స్టెరాయిడే మొదలుపెట్టమన్నాను.  మొదటి రోజుల్లో వాడు చిన్నగా దగ్గినా తప్పు చేశానేమోనని లేచి వెళ్లి చూసేదాన్ని. మెల్లగా వాంతులు తగ్గాయి. గిన్నె నాకి శుభ్రం చేసేవాడు, మెట్లు తనే దిగేవాడు. ఒక చలికాలం, ఒక ఎండాకాలం అలా గడిచాయి. వానలు మొదలయ్యాక తిండి మానేసి, ఆమె మిషను కింద పడుకున్న చోటే పోయాడు. అది ఏ జబ్బో మాకు చివరికీ తెలియలేదు.

పెరట్లో వాణ్ని పూడ్చి వచ్చాక అడిగాను, ముక్క తీయించి ఉంటే ఇంకొన్నాళ్లు బతికేవాడా అని. ఆమె చేతుల మట్టి కడుక్కుంటూనే చెప్పింది.

"నాకూ తెలీదు పాపా. నేనూ అదే అనుకుంటాండా."

ధైర్యం చెప్పడానికైనా ఆమె అబద్ధమాడలేదు. అంత తెలివైన మనిషికి కూడా అనుమానం తీరలేదని తెలిశాక నా అనుమానాన్ని నేను మోయగలిగాను.

ఇప్పుడు ఆమె లేదు. పోయిన ఏడాది మావారి మెడ దగ్గర గడ్డ కనిపిస్తే ఇక్కడి డాక్టరు ముక్క తీసి పరీక్ష చేయాలన్నారు. ఏముందో తెలిస్తే వైద్యమే వేరుగా ఉంటుందన్నారు. పండగ వెళ్లాక చూద్దామని మావారన్నారు. నేను ఒప్పుకోలేదు, మర్నాడే బయలుదేరదీశాను. భయం పోయేదాకా ఆగితే ఏ నిర్ణయమూ జరగదని టీచరమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆస్పత్రి చేరేదాకా ఆయన చేయి పట్టుకునే కూర్చున్నాను. దారి పొడవునా నా చేయే చల్లగా ఉంది.