అవ్వ విసిరిన గాలి

నాకు కోపం ఎక్కువ. గిద్దలూరులో నా వెల్డింగ్ షాపుకు వచ్చేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు, ఆ రోజు వచ్చిన అవ్వకు తప్ప. రాచర్ల దగ్గరి పల్లె నుంచి స్టీలు పాలక్యాను చంకన పెట్టుకుని ఆటో దిగింది. క్యాను అడుగున అతుకు చీలిపోయింది.

"సాయంత్రం కేంద్రానికి పాలు పొయ్యాల నాయనా. నాకుండేది ఇదొక్కటే. ఎట్లనన్నా చెయ్యి," అంది.

పల్చటి స్టీలుకు టిగ్ వెల్డింగే గతి. టార్చి మొన చుట్టూ ఆర్గాన్ గ్యాసు వస్తూ, కరిగిన స్టీలుకు గాలి తగలకుండా కాస్తుంది. అందుకే ఎంత ఎండైనా ఫ్యాను ఆపేస్తాను. ఆ రోజూ ఆపేసి, మాస్కు దించి, టార్చిని కొంచెం వాల్చి, మొనకూ స్టీలుకూ మధ్య బియ్యపుగింజంత ఎడం ఉంచి మొదలుపెట్టాను.

అతుకు నల్లగా పొంగింది. నిండా సూది బెజ్జాలు! గ్రైండర్‌తో అరగదీసి మళ్ళీ వెల్డింగ్ కొట్టాను. మళ్ళీ అంతే. గ్యాసు కల్తీదనుకుని సిలిండర్ పంపినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. గ్యాసు పెంచాను. అరగదీసి అరగదీసి స్టీలు కాగితంలా అయింది. ఇంకోసారి చెడితే బొక్క పడి, క్యాను పాత సామాన్లలోకే.

మూడోసారి మాస్కు దించి టార్చి వెలిగించబోతుంటే వీపుకు చల్లగా తగిలింది. ఫ్యాను ఆపాను కదా, ఈ గాలెక్కడిది? వెనక్కి తిరిగి చూస్తే, అవ్వ అట్టముక్కతో నాకు విసురుతోంది!

"ఏందవ్వా నువ్వు చేసే పని! గ్యాసంతా చెదిరిపోతాంది గదా!" అని అరిచాను.

"చెమటకు తడిసిపోతాండావని ఇసిరినా నాయనా," అని అట్టను కొంగు చాటున దాచుకుంది. నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళలో నా చెమట ఎవరు చూశారు గనక!

గ్యాసు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి అతుకు తెల్లగా, సన్నగా సాగింది. మంట ఆపాక కూడా టార్చిని అక్కడే పట్టుకున్నాను.

"ఆరిపోయె గదా, ఇంకా పట్టుకున్నావేంది?" అంది అవ్వ.

"సల్లారేదాకా గ్యాసు కాయాలవ్వా."

క్యానులో నీళ్ళు పోశాం. చుక్క కారలేదు. అవ్వ అడుగంతా తడిమి, పొడి చెయ్యి నాకు చూపించి నవ్వింది. తర్వాత కొంగు చాటు నుంచి అట్ట తీసి, భయంభయంగా అడిగింది.

"ఇప్పుడు ఇసరొచ్చా నాయనా?"

ఫ్యాను స్విచ్చు నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. వేయలేదు. "ఇసురవ్వా," అని స్టూలు మీద కూర్చున్నాను.