అరవోల్టు గడప

ఏ డయోడ్ చేతికొచ్చినా సుందరి ముందుగా దాని వెండి గీతను బొటనవేలి గోటితో నిమురుతుంది. వడ్లగింజంత నల్లటి పూస. రెండు కొసలా రెండు తీగలు. ఒక కొస దగ్గర ఆ గీత. చూడ్డానికి కళ్ళు చాలు. అయినా గోరు వెళ్తుంది. పంతొమ్మిదేళ్ళుగా అంతే. బెండకాయ పట్టుకున్నా గీత కోసం వెతుకుతుందని ఇంట్లో నవ్వుతారు.

పూర్తి పేరు బాలాత్రిపురసుందరి. పుట్టింది దామంజోడిలో, తండ్రి అక్కడి కర్మాగారంలో ఫిట్టరు. కాపురం జయపురంలో. ఉద్యోగం కొరాపుట్‌లో, ఒక చిన్న శిక్షణ సంస్థలో ఎలక్ట్రానిక్స్ చెప్పడం. పొద్దున కొండ ఘాట్ ఎక్కే బస్సు, సాయంత్రం ఘాట్ దిగే బస్సు.

ఈ ఏడు ఆమె తరగతికి ఎనిమిది పేర్లు కావాలి. రాకపోతే తరగతి ఎత్తేసి, ఆమెను రాయగడ ఆఫీసుకు పంపి ఫైళ్ళ ముందు కూర్చోబెడతారు. వచ్చినవి రెండు. గడువు శనివారం మధ్యాహ్నం.

సుందరి గేటుకు ఒక కాగితం అంటించింది. "శుక్రవారం బ్యాటరీ లేని రేడియో పాడుతుంది. రండి."

స్టోరు చూసే శంకరరావు అద్దాలు పైకి నెట్టి చదివాడు. ఆమె తండ్రికి స్నేహితుడు.

"బేటరీ లేకండా పాడతాదా? ఏటి సుందరమ్మా, గాలి తిని బతుకుతాదేటి అది?"

"గాలి కాదు బాబాయ్, అల. నిన్న మా ఇంట్లో పాడింది."

"ఇక్కడ పాడకపోతే?"

"రాయగడలో బజ్జీలు బాగుంటాయంట."

శుక్రవారం తొమ్మిదిమంది అమ్మాయిలు వచ్చారు. సుందరి మొదట ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక చిన్న బల్బు, మధ్యలో ఒక డయోడ్ పెట్టింది. బల్బు వెలిగింది. డయోడ్‌ను తిప్పి పెట్టింది. ఆరింది.

"కరెంటు గీత వైపు పోవచ్చు. గీత వైపు నుంచి రాలేదు. రెండు రకాల సిలికాన్ కలిసిన చోట ఒక గడప ఉంటాది. ఇటునుంచి తోస్తే దాటతాది. అటునుంచి తోస్తే గడప ఇంకా ఎత్తవతాది."

తర్వాత రేడియో తీసింది. అట్ట గొట్టానికి చుట్టిన రాగితీగ, ఒక డయోడ్, చెవిలో పెట్టుకునే చిన్న గొట్టం. అంతే. కిటికీలోంచి ఒక పొడవాటి తీగ వేపచెట్టుకు, ఇంకొకటి నేలలోకి దిగిన కుళాయి గొట్టానికి పోయాయి.

"జయపురం ఆకాశవాణి అల క్షణానికి లక్షల సార్లు ముందుకీ వెనక్కీ ఊగుతాది. రెండు ఊపులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. చెవికి ఏమీ మిగలదు. డయోడ్ ఒక ఊపునే వదులుతాది. ఆ సగంలో పాట ఉంటాది. వినండమ్మీ."

చెవిలో పెట్టుకుంది. ఏమీ లేదు.

తీగ సర్దింది. గీతను నిమిరింది. మళ్ళీ పెట్టుకుంది. చెట్టు మీద కాకి మాత్రం అరిచింది. వెనక బెంచీలో ఇద్దరు సంచులు భుజాన వేసుకున్నారు.

గుమ్మంలో శంకరరావు. "పాట బస్సెక్కలేదేటమ్మా? ఘాట్లో ఆగిపోనాదా?"

అమ్మాయిలు నవ్వారు. సుందరి నవ్వలేదు. తర్వాత, అందరికన్నా గట్టిగా నవ్వింది.

"ఘాట్లోనే ఆగింది బాబాయ్! మా ఇల్లు రేడియో స్టేషన్ పక్కన. అక్కడ అల ఎత్తుగా వత్తాది. ఇంత దూరం వచ్చేసరికి పొట్టిదైపోద్ది. గడప ఎత్తు మాత్రం ఎక్కడైనా ఒకటే."

మీటరు పెట్టి చూపించింది. అరవోల్టు పైమాటే. అంతకన్నా చిన్న అలకు ఆ తలుపు తెరిచి ఉన్నా మూసినట్టే. సిలికాన్ బదులు జర్మేనియంతో చేసిన డయోడ్ గడప ఇందులో సగం కూడా ఉండదు. ఇంట్లో పాడిందని ఆమె దాని మాటే తలచలేదు.

"జర్మేనియంవి ఉన్నాయా బాబాయ్ స్టోర్లో?"

"మూడేళ్ళ కిందట కావాలని రాసేవు. ఇంకా వత్తన్నాయి."

సంచులు వేసుకున్న ఇద్దరిలో ఒకతె చెయ్యెత్తింది. ధనశ్రీ, దామంజోడి నుంచి వచ్చిన పిల్ల.

"మేడమ్, గడప తగ్గకపోతే మనం ఎత్తు పెరగొచ్చు కదా? మా నానమ్మకి మోకాళ్ళు నొప్పులు. గడప ముందర పీటేత్తాం. పీటెక్కి దాటతాది."

సుందరి గోరు గీత మీద ఆగిపోయింది.

బల్బుకు పెట్టిన బ్యాటరీ దీనికి మరీ ఎక్కువ. కుర్చీ లాగి ఎక్కి, గోడ గడియారం దింపి, సెల్లు పీకింది. సెల్లులో ఒకటిన్నర వోల్టు. నేరుగా ఇస్తే వరద. మధ్యలో ఒక పెద్ద రెసిస్టర్ పెట్టింది. కరెంటు చుక్క చుక్కగా మాత్రమే కారాలి. డయోడ్ గడప అంచు దాకా ఎక్కి కూర్చోవాలి. ఆపైన ఎంత చిన్న అలైనా దాటుతుంది. గీత చూసింది. కలిపింది.

చెవిగొట్టం ధనశ్రీ చెవిలో పెట్టింది.

ధనశ్రీ కళ్ళు పెద్దవయ్యాయి. "మేడమ్! దేశియా పాట, మన కొండోళ్ళ పాట! డప్పు కూడా!"

ఒక్క చెవిగొట్టం, తొమ్మిదిమంది. తోపులాట. శంకరరావు కూడా వరుసలో నిలబడ్డాడు. "జరగండర్రా, పెద్దోణ్ణి" అన్నాడు. ఎవరూ జరగలేదు.

సుందరి గేటు దగ్గరికి వెళ్ళి కాగితం మీద "బ్యాటరీ లేని" కొట్టేసి, "పీట వేసిన" అని రాసి వచ్చింది.

"తప్పు నాదమ్మీ. తప్పెక్కడుందో ఈ పిల్ల సూపించింది."

ఐదుగురు పేర్లు రాశారు. మొత్తం ఏడు. ధనశ్రీ కలం పట్టుకుని నిలబడిపోయింది.

"నానమ్మ సంతకం కావాలి మేడమ్. కరెంటు ముట్టుకుంటే సత్తావంటాది."

బల్ల మీద గడియారం పదకొండూ నలభై దగ్గర ఆగి ఉంది.

మర్నాడు పొద్దున సుందరి రేడియోను ఒళ్ళో పెట్టుకుని దామంజోడి మొదటి బస్సెక్కింది. ధనశ్రీ ఇంటి గడప నిజంగానే మోకాలెత్తు. దాని ముందు పీట. పీట మీద నానమ్మ వరహాలమ్మ. సుందరి పనసచెట్టుకు తీగ కట్టింది. నేలలోకి పోవాల్సిన రెండో తీగను బోరింగు గొట్టానికి చుట్టింది. చెవిగొట్టం ముసలామె చెవిలో పెట్టింది.

"కరెంటు కొడతాదేటే?"

"ఆ సెల్లు నిన్న మా గడియారంలోది మామ్మా. ముల్లునే మెల్లగా తోసేది. మిమ్మల్నేటి సేత్తాది?"

వరహాలమ్మ విన్నది. ముక్కు మీద వేలేసుకుంది. తర్వాత వేలు తీసి, తొడ మీద తాళం వేయడం మొదలెట్టింది.

సుందరి సంచిలోంచి దరఖాస్తు తీసింది. పెద్దలు సంతకం పెట్టే చోట ఉన్న గీతను, చూపించడానికి, బొటనవేలి గోటితో నిమిరింది.