గింజ కొరికే పెదనాన్న

మిర్యాలగూడలో మా పెదనాన్నకు రైస్ మిల్లు ఉంది. ఎంత తెలిసిన రైతు వడ్లు తెచ్చినా, బస్తాలోంచి నాలుగు గింజలు తీసి పంటికింద కటుక్కుమనిపించందే ఆయన నోటి నుంచి రేటు రాదు. తేమ ఎంతుందో మిషను చెప్పినా నమ్మడు.

నాకు చిన్నప్పటి నుంచీ ఆ మిల్లు మిషన్లంటే పిచ్చి. చప్పుడు విని ఏ బేరింగు పోయిందో చెప్పేవాణ్ణి. ఇంజనీరింగ్ ర్యాంకు వచ్చినప్పుడు, ఏ బ్రాంచి పెట్టాలో అడగమని మా నాన్న నన్ను ఆయన దగ్గరికే పంపాడు. మెకానికల్ అన్నాను. ఆయన ర్యాంకు కార్డు మీంచి తల కూడా ఎత్తలేదు.

"ఆ నూనె చేతులు మనకెందుకురా? అందరు కంప్యూటరే పెడుతున్నరు. నువ్వు గదే పెట్టు."

పెట్టాను. కోదాడలో నాలుగేళ్లు చదువు తలకెక్కక, ఎలాగో బయటపడ్డాను. ఉద్యోగం ఎవరూ ఇవ్వకపోతే ఆయనే జాలిపడి మిల్లులో కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. రోజంతా కాంటా చీటీలు ప్రింటు తీస్తాను. బస్తాలు మోసే హమాలీకి నాకంటే ఎక్కువ వస్తుంది. మొన్న మిల్లు ఆగిపోతే సూర్యాపేట నుంచి మెకానిక్ వచ్చి, నా నెల జీతమంత ఒక్క పూటలో పట్టుకెళ్లాడు. పోయింది బేరింగేనని నేను ముందే చెప్పాను. "నువ్వు నీ కంప్యూటర్ సూసుకోరా" అన్నాడు పెదనాన్న.

నిన్న ఎవరో రైతు ఫోన్లో రేటు అడిగాడు. పెదనాన్న కస్సుమన్నాడు. "గింజ కొరకకుండ రేటెట్ల చెప్తరయ్యా? నాకేమన్న పిచ్చా?"

నేను ర్యాంకు కార్డు పట్టుకొని ఆయన ముందు నిలబడ్డ రోజు, ఆయనకు పంటినొప్పేమీ లేదు.