డాలు మీద తూకం గుండు

ఆ రెండు వారాలూ నాకు కుర్చీలో కుదురు లేదు. ఈ అరబ్బు దేశంలో, జింజ్ అనే పేటలో ఉన్న మా డిజైన్ ఆఫీసుకు బిల్డింగ్ కాంట్రాక్టర్ల సంఘం నుంచి పని వచ్చింది. డాలు ఆకారంలో సంఘానికో చిహ్నం గీయాలి. అది వాళ్లకు నచ్చితేనే నా వీసా పొడిగిస్తానని మేనేజరు మొహం మీదే చెప్పేశాడు. ఇంట్లో మా ఆవిడేమో పిల్లని ఇక్కడి స్కూల్లో ఉంచాలా మానిపించాలా అని రోజుకు నాలుగుసార్లు అడిగేది.

గీసి, చెరిపి, చచ్చీచెడీ ఒకటి తేల్చాను. పైన ఖర్జూరపు చెట్టు, అది ఈ నేల. మధ్యలో తాపీ, అది చేతిపని. దారానికి వేలాడదీసి గోడ నిలువు చూసే తూకం గుండు, అది నిజాయితీ. పాత డాళ్ల మీద రెండు కత్తులు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుతాయి కదా, తాపీనీ గుండునూ అలాగే దాటించాను. సంఘం కమిటీ వాళ్లు వహ్వా అన్నారు. అర్థాలు వివరించే కాగితం కూడా నేనే రాసిచ్చాను.

మర్నాడు ఆఫీసు మెట్లకు టైల్స్ వేయడానికి ఒక మేస్త్రి వచ్చాడు, కరీంనగర్ వైపు మనిషి. మంచినీళ్లకని లోపలికొచ్చి నా కంప్యూటర్ ముందు ఆగిపోయాడు.

"ఇదేంది సారూ, గుండు వంకరగ ఏలాడుతున్నది?"

"డిజైన్ అన్నా. అందం కోసం."

"ఏం అందం సారూ! గాలికి ఊగినా మళ్ల సక్కగనే నిలబడ్తది గద. గిట్లుంటె అది గుండే గాదు. మా పనోళ్లు చూస్తె నవ్విపోరా?"

నిజమే. ఇంత చదువు వెలగబెట్టి, దారం ఎటు వేలాడుతుందో తెలియలేదు నాకు! దిద్దడం అరగంట పని. కానీ మేనేజరుకు చెప్పాలి, ఆయన కమిటీకి చెప్పాలి, వాళ్లు మళ్లీ మొదటికొస్తే నా వీసా? ఫోన్ తీశాను, పెట్టేశాను. వెళ్లి మొహం కడుక్కొచ్చాను. మళ్లీ తీశాను. చివరికి నోరు మూసుకుని, చిహ్నాన్ని ఇత్తడి పలక మీద చెక్కేవాళ్లకు ఫైలు అలాగే పంపేశాను. ఖలాస్.

వీసా వచ్చింది. బుదైయా రోడ్డు హాల్లో ఒక శుక్రవారం పొద్దున పలక మీద తెర తీశారు. ముందు వరుసలు చప్పట్లు కొట్టాయి. వెనక వరుసల్లో మేస్త్రీలు తలలు పక్కకు వంచి చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. జారుకుందామనుకుంటే మెట్ల మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు.

"సారూ, ఒక ఫోటో తియ్యి. మా పని గుర్తు గోడెక్కింది, ఇంటికి పంపుత."

పలక పక్కన నిలబెట్టి తీశాను. చూసి తల అడ్డంగా ఊపాడు.

"మా తమ్ముడు గూడ మేస్త్రే. గీ గుండు చూస్తె మా ఇజ్జత్ పోతది. ఫోన్ జర వంచి తియ్యి."

"అట్లా తీస్తే నువ్వు వంకరగా వస్తావు అన్నా."

"నేనెట్లొస్తె ఏంది సారూ! గుండు సక్కగ రావాలె."

వంచి తీశాను. గుండు నిట్టనిలువుగా వచ్చింది. పక్కన ఆయన, నవ్వుతూ, పడిపోబోతున్నవాడిలా ఒరిగిపోయి ఉన్నాడు. అదే ఇంటికి పంపాడు.